ఊటీ నుంచి ఉదయగిరికి, మధ్యలో ఒక మోకాలు

ఊటీకి ఎలా వెళ్ళాలో చాలామంది రాశారు. ఎక్కడ దిగాలి, ఏ తోట చూడాలి, పడవ ఎప్పుడెక్కాలి, అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి. ఊటీ నుంచి తిరిగొచ్చి మర్నాడు పొద్దున్నే పనిలో చేరడం ఎలాగో మాత్రం నాకెక్కడా కనపడలేదు. మా ఉదయగిరి వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని నా తిరుగు ప్రయాణం రాస్తున్నాను. చదివి మీరూ వెళ్ళండి. నేను చేసిన ఒక్క పని మాత్రం చేయకండి. అదేమిటో దారిలో చెబుతాను.

మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నేనూ, మా అత్తగారు సుబ్బరత్నమ్మా ఊటీ స్టేషన్లో ఉన్నాం. రెండింటికి కొండ దిగే చిన్న రైలు. దీని టికెట్లు రెండు నెలల ముందే తీసుకోవాలి, లేకపోతే దొరకవు. మేమూ అలాగే తీసుకున్నాం. మా ఆయన రమణకి ఉదయగిరిలో మోటార్లు బాగుచేసే షాపుంది. రైతులు బోర్లు నడిపే రోజుల్లో ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. అందుకని అత్తాకోడళ్ళమే వెళ్ళాం. చూసినవాళ్ళు కొందరు తల్లీకూతుళ్ళనుకున్నారు. అలా అనుకున్న ప్రతిసారీ మా అత్త, "కోడలే. అందుకే సామాను దాని చేతిలో ఉండాది" అని చెప్పింది.

సామాను నిజంగానే నా చేతిలో ఉంది. ఒక సంచిలో ఊటీ క్యారెట్లు, వర్కీ బిస్కెట్లు, చాక్లెట్లు. ఇంకో సంచిలో బట్టల మధ్య నాలుగు సీసాల నీలగిరి తైలం. అందులో ఒకదాని మూత సరిగా బిగించలేదని నాకప్పటికి తెలియదు.

రైలు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న మా అత్త ప్రతి సొరంగంలోనూ పిల్లలతో కలిసి గట్టిగా అరిచింది. ఎదురుగా కూర్చున్న కోయంబత్తూరు ఆవిడ నవ్వి, తమిళంలో ఏదో అడిగింది. అత్త తెలుగులో జవాబు చెప్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. కూనూరు వచ్చేసరికి ఆవిడ కూతురి పెళ్ళి సంగతులన్నీ అత్తకి తెలిసిపోయాయి. అదెలా జరిగిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

"రేప్పొద్దున నెల్లూరులో దిగంగానే మొదలుపెట్టాల గదా?" అంది అత్త, కూనూరులో టీ తాగుతూ.

"అవునత్తా."

"ఏ కాలు అనుకున్నాం?"

"కుడికాలు."

ఇక చెప్పక తప్పదు. నేను పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. ఆసుపత్రి ఉదయగిరికీ వరికుంటపాడుకీ మధ్య ఒక పల్లెలో ఉంది. గొర్రెలు, మేకలు, పాడి గేదెలు మా గిరాకీ. ఊటీ టికెట్లు తీసుకున్న ఏడు వారాలకి, గొర్రెలకీ మేకలకీ పారుడు రోగం రాకుండా టీకాలు వేసే పని మాకు పడింది. సరిగ్గా నేను సెలవడిగిన రోజుల్లోనే. మా డాక్టరు మాధవరావు గారు నా సెలవు చీటీ చదివి కళ్ళజోడు తీశారు.

"సుజాతా, ఊటీ యాడికీ పోదు. గొర్రెలు పోతాయి" అన్నారు. "ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగలేదంటే అది వేరే సంగతి. ఊటీకి లీవంటే నేనెట్టా ఇచ్చేది?"

సాయంత్రం ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్త పప్పు తాలింపు వేస్తూ తల కూడా తిప్పలేదు.

"అయితే నాకు బాగలేదని రాయి."

"ఏమైందని రాయాల?"

"అరవై దాటినదాన్ని. ఏం రాసినా నమ్ముతారు."

మోకాలి ఆపరేషన్ అని, చెన్నైలో అని రాశాను. డాక్టరు గారు చదివి, చాలాసేపు నా మొహంలోకి చూసి, "పెద్దావిడని జాగ్రత్తగా చూసుకో. ఇక్కడి సంగతి నేను చూసుకుంటా" అని సంతకం పెట్టారు. ఆ మాట ఊటీ దాకా నన్ను వదలలేదు. అక్కడ దిగి చలిగాలి తగలగానే మరిచిపోయాను. ఆపరేషన్ చేయించుకోవాల్సిన మనిషి దొడ్డబెట్ట శిఖరం ఎక్కింది, సరస్సు పక్కన గుర్రం ఎక్కింది, రెండో రోజు గుర్రం ఇంకొంచెం వేగంగా పోదా అని అడిగింది.

ఐదున్నర దాటాక మెట్టుపాళయంలో దిగాం. చెన్నై రైలు తొమ్మిది దాటాక. స్టేషన్ బయట ఒక చిన్న హోటల్లో ఇడియాప్పం తిన్నాం, బాగుంది. పై బెర్తు అత్తకి వచ్చింది. నేను మార్చుకుందామనేలోపే చకచకా ఎక్కి, పైనుంచి తొంగిచూసి, "ఇదే ఆఖరు ఎక్కడం, నన్ను ఎక్కనీ" అంది.

సోమవారం ఉదయం ఆరున్నరకి చెన్నై సెంట్రల్. స్నానాల గది శుభ్రంగా ఉంది, కాకపోతే ఆ వేళకి వరసలో నిలబడాలి. బయట మందుల షాపులో మోకాలికి చుట్టే క్రేప్ బ్యాండేజీ కొన్నాం. కొబ్బరి చట్నీతో ఇడ్లీలు తిన్నాక, నెల్లూరు మీదుగా వెళ్ళే బండి ప్లాట్‌ఫారం మీద అత్త కుంటడం సాధన చేసింది. నాలుగడుగులు వేసి నా వైపు చూసేది. నేను "ఎక్కువైంది" అనేదాన్ని. మళ్ళీ వేసేది. ఐదోసారి ఒక పోర్టరు చక్రాల కుర్చీ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. అతణ్ణి ఎలాగో పంపించేసరికి మా అత్త మొహం వెలిగిపోతోంది.

"చూసినావా? నువ్వు ఎక్కువైంది అంటాండావు. ఆయన కుర్చీ తెచ్చినాడు."

పదిన్నరకి నెల్లూరు. ఎండ అప్పుడే మాడు మీద పడుతోంది. ఊటీలో వేసుకున్న స్వెట్టర్ సంచిలో కుక్కి, ఆటోలో బస్టాండుకి వచ్చాం. ఇక్కడ ఒక మాట. ఇప్పుడు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకుంటే చాలు. సీటు మాత్రం ఉచితంగా రాదు, పరిగెత్తాలి. మా అత్త పరిగెత్తకూడని పరిస్థితి. పదకొండు గంటల ఆత్మకూరు బస్సు వచ్చి ఆగింది. నేను సంచి కిటికీలోంచి వేద్దామని చెయ్యెత్తాను.

"సుజాతమ్మా!"

వెనక్కి తిరిగితే మస్తానయ్య. మా ఆసుపత్రి అటెండరు. ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉన్న మనిషి, డాక్టర్లు మారతారు గానీ ఆయన మారడు. చేతిలో తెల్లటి ఐసు పెట్టె ఉంది. టీకా మందు అయిపోతే నెల్లూరు వచ్చి తీసుకెళుతున్నాడు.

నేను సంచి కిందికి దించాను. మా అత్త మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కుడిచెయ్యి నా భుజం మీద వేసి, బరువంతా నా మీద మోపి, "వచ్చినావా నాయనా, దేవుడల్లే వచ్చినావు" అంది.

ఆయన జనాన్ని తోసి బస్సెక్కి, డ్రైవరు వెనక సీటు ఆపి, మా అత్తని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కించాడు. మా సంచులు తనే మోశాడు. నన్ను కూర్చోమని తను నిలబడ్డాడు. బస్సు కదిలాక ఐసు పెట్టె మా అత్త ముందర పెట్టాడు.

"కాలు దీని మీద పెట్టుకోమ్మా. ఎత్తులో ఉండాలంటారు గదా."

అలా మా అత్త కుడికాలు గొర్రెల టీకా పెట్టె మీద పెట్టుకుని బుచ్చిరెడ్డిపాళెం దాటింది, సంగం దాటింది. పెట్టె మీది చల్లదనానికి కాలు తిమ్మిరెక్కిందట, కదిలిస్తే బాగుండదని కదల్చలేదట. ఇది తర్వాత చెప్పింది.

మస్తానయ్య గాలి పీల్చి, "ఆస్పత్రి వాసన ఇంకా పోలేదు చూడు" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నీలగిరి తైలం సీసా మూత సంగతి.

పక్క సీట్లో అనంతసాగరం వెళ్ళే ఒకావిడ, కోళ్ళ గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని, అంతా వింటోంది. "కోసినారా? ఎందుకమ్మా కోయించుకోవడం? వావిలాకు కాచి పోసుకుంటే పోయేది" అంది.

"ముందర నువ్వు కనపడలేదు గదా తల్లీ" అంది మా అత్త విచారంగా.

ఇంతవరకూ నవ్వు ఆపుకోవడమే నా కష్టం. సంగం దాటాక మస్తానయ్య వంగి నాతో మెల్లగా, "డాక్టరు గారి సంగతి తెలిసిందా నీకు?" అన్నాడు.

"ఏంది?"

"పడినాడమ్మా. నీ పల్లెల్లో టీకాలు ఆయనే వేసినాడు. వద్దు సార్, సుజాతమ్మ వచ్చినాక వేద్దాం అన్నా. వినలా. ఆ పిల్ల ఆడ అత్త మంచం పక్కన కూర్చోనుంది, వచ్చేటప్పటికి పని మిగలకూడదు అన్నాడు. గురువారం పొద్దున ఒక పొట్టేలు తప్పించుకోని దూకింది. పట్టుకోబోయి గట్టు మీంచి జారినాడు. మోకాలు తిరిగింది. కర్ర పట్టుకోని నడస్తాండాడు."

"ఏ కాలు?" అన్నాను. ఎందుకలా అడిగానో తెలియదు.

"కుడికాలు."

గురువారం పొద్దున మేం గులాబీ తోటలో ఉన్నాం. గులాబీ పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడానికి మా అత్త కొంగు మూడుసార్లు సర్దుకుంది. అదీ ఆ రోజు మాకున్న పని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పొలాల్లో వరి కోతకొచ్చింది. ఎప్పుడూ చూసే పొలాలే, ఆ రోజు కంటికి ఆనలేదు.

ఒంటిగంటకి ఆత్మకూరు. ఉదయగిరి బస్సు రెండుంపావుకి. బస్టాండు దగ్గర మెస్సులో సోమశిల చేపల పులుసు దొరుకుతుంది, ఎప్పుడొచ్చినా తినాల్సిందే. ఆరు రోజులు సాంబారు తిన్న నోటికి ఆ పులుపూ కారమూ తగిలితే ఇంటికొచ్చేశామని నాలుకకి ముందు తెలిసింది. మా అత్త రెండోసారి అన్నం పెట్టించుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేచింది. కాస్త కుంటింది. మస్తానయ్య గ్లాసు దించాడు.

"అమ్మా, ఏ కాలుకి చేసినారు?"

చూశాను. ఎడమ కాలు కుంటుతోంది. ఐసు పెట్టె మీద తిమ్మిరెక్కిన కుడికాలు మళ్ళీ మామూలయ్యేసరికి, ఆ సంతోషంలో ఏ కాలు కుంటాలో ఆవిడే మర్చిపోయింది.

మా అత్త కుళాయి కట్టేసి, తీరిగ్గా చెప్పింది. "కుడికాలుకయ్యా. అది బాగయిందని ఎడమ దానికి కోపం వచ్చింది."

ఆయన నవ్వలేదు. "ఉంటాదమ్మా, ఉంటాది" అన్నాడు.

రెండుంపావు బస్సు రెండున్నరకి బయల్దేరింది. బద్వేలు రోడ్డు వదిలి ఉదయగిరి దారి పట్టాక జనం తగ్గారు. రోడ్డుకడ్డంగా గొర్రెల మందలు రెండుచోట్ల వచ్చాయి. డ్రైవరు హారన్ కొట్టి విసుక్కున్నాడు. నేను మాత్రం అలవాటుగా ఏ గొర్రె ముక్కు కారుతోందో చూసుకున్నాను. నాలుగింటికి మా ఊరి దుర్గం కొండ కనపడింది. ఊటీ కొండల ముందు ఇదేపాటి అని చిన్నచూపు చూద్దామనుకున్నాను గానీ, చూసేసరికి ఎదురొచ్చిన చుట్టంలా ఉంది.

బస్టాండులో రమణ బండి మీద ఉన్నాడు. వాళ్ళమ్మని చూడగానే, "ఏందిమా, రంగు తిరిగినావే!" అన్నాడు. కొడుకుని చూసిన సంతోషంలో మా అత్త సంచి నా చేతిలో పడేసి, చెంగున బండి వెనక ఎక్కి కూర్చుంది. ఎక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది. అప్పుడు రెండు చేతులా మోకాలు పట్టుకుని "అబ్బా" అంది. ఐసు పెట్టె పట్టుకుని ఐదడుగుల దూరంలో మస్తానయ్య నిలబడి ఉన్నాడు. పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, వరికుంటపాడు వైపు వెళ్ళే ఆటో ఎక్కాడు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆరు రోజుల గిన్నెలు తొట్టి నిండా ఉన్నాయి. మురికి బట్టలు విప్పి కుప్ప పోశాను. సెలవు అయిపోయిందని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఐదింటికి ఫోన్ మోగింది. డాక్టరు గారు.

"వచ్చినారంట గదా, మస్తానయ్య చెప్పినాడు. ఆరింటికి ఒకసారి వచ్చి పెద్దావిడని చూసి పోతా."

"మీరెందుకు సార్, మీకు కాలు..."

"అందుకేనమ్మా వచ్చేది" అని పెట్టేశారు.

ఆ గంటలో మా ఇల్లు ఆస్పత్రి అయింది. మంచం హాల్లోకి వచ్చింది. కుర్చీ మీద వేడినీళ్ళ సంచి. అత్త మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టాను, రెండుసార్లు అడిగి కుడికాలికే చుట్టాను. రమణ ఊటీ చాక్లెట్లు బీరువాలో దాచి, తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు.

డాక్టరు గారు బత్తాయిల సంచితో, చేతికర్రతో వచ్చారు. యాభై ఐదేళ్ళ మనిషి. ఎంతటి పొగరుబోతు ఎద్దునైనా ముక్కుతాడు పట్టి నిలబెట్టే ఆయన మా గడప దాటడానికి గోడ పట్టుకున్నారు. నేను కుర్చీ ఒకటి దగ్గరికి లాగాను.

కూర్చుని, మా అత్త మోకాలి కట్టు వైపు భయంగా చూశారు. "అమ్మా, నిజం చెప్పండి. నొప్పి బాగా ఉంటాదా?"

మా అత్తకి ఇలాంటి శ్రోత దొరకడం ఎన్నేళ్ళకో. మొదలుపెట్టింది. మత్తు ఎలా ఇచ్చారు, కళ్ళు మూసుకుంటే పొగమంచులో తేలిపోతున్నట్టు ఎలా ఉంది, చెవుల్లో చల్లటి గాలి, కింద ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతున్నట్టు, పట్టుకోవడానికి ఏమీ దొరకనట్టు, ఎవరో పక్కన నడుస్తూ భయం లేదు భయం లేదు అన్నట్టు. ఇదంతా గుర్రం స్వారీ అని నాకు తెలుసు. డాక్టరు గారు నోరు తెరుచుకుని విన్నారు.

"ఇప్పుడు హాయిగా ఉండాదా?"

"ఇరవై ఏళ్ళ పిల్ల కాళ్ళు వచ్చినట్టుండాయి" అంది అత్త. అది నిజమే.

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "నెల్లూరులో ఎముకల డాక్టరు, మూడు వారాలు కట్టు కట్టుకోని ఎక్సర్‌సైజులు చెయ్యి, సరిపోతాది అన్నాడు. నాకే అనుమానంగా ఉండింది. మీరు చెప్పినాక ధైర్యం వచ్చింది. నేనూ అక్కడే చేయించుకుంటా. ఇంట్లో ముందే చెప్పినా. సుజాతా, ఆ డాక్టరు పేరూ, ఫోన్ నంబరూ రాసియ్యి. రేపే బయల్దేరతా."

జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చారు.

రమణ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అత్త నా వైపు చూసింది. ఆవిడ కళ్ళలో ఇందాకటి మెరుపు లేదు. ఏదో ఒక పేరు రాసేయొచ్చు. ఆ డాక్టరు విదేశాలకి వెళ్ళాడని చెప్పొచ్చు. బుర్ర దానంతట అదే దారులు వెతుకుతోంది. అబద్ధానికి ఆరు రోజులు అలవాటుపడిన బుర్ర అది. కానీ ఆ పేరు లేకపోతే ఈయన ఇంకెవరి దగ్గరికో వెళతారు. మూడు వారాల్లో తగ్గే మోకాలిని నా మాట నమ్మి కోయించుకుంటారు.

పెన్ను తిరిగి ఇచ్చేశాను.

"సార్, ఆపరేషన్ జరగలేదు. మేం చెన్నైలో దిగింది రైలు మారడానికే. ఊటీ పోయినాం."

మా అత్త మంచం దిగింది. వంగి కట్టు విప్పి, చుట్టచుట్టి, మడత మీద మడత వేసి ఆయన పక్కన కుర్చీ మీద పెట్టింది. "మీకు పనికొస్తాదయ్యా" అని, నిటారుగా వంటింట్లోకి నడిచివెళ్ళింది. "కాఫీ తెస్తా."

డాక్టరు గారు పెన్ను జేబులో పెట్టుకుని, కర్ర ముందుకి తెచ్చి నిలబెట్టుకున్నారు. అరిస్తే బాగుండేది.

"గొర్రెల వాళ్ళందరి ముందర పడినా. నవ్వినారు" అన్నారు. "లేచి ఇంకో పల్లెకి పోయి మిగిలినవాటికి వేసినా. నువ్వు ఆడ ఆస్పత్రిలో తిండి లేకుండా ఉంటావనుకున్నా."

"తప్పయింది సార్."

"అబద్ధం నేనే నేర్పించినట్టుండాది. ఇంట్లో ఎవరికన్నా బాగలేకపోతే అన్నది నేనే గదా." కర్రతో నేల మీద ఒకసారి కొట్టారు. "మెమో రాయను. నువ్వే రాయి. సెలవు ఎందుకు పెట్టినావో సరిచేసి, నీ చేత్తో రాసి రేపు నా టేబుల్ మీద పెట్టు. మిగిలిన రెండు పల్లెలూ నీవే. వచ్చే రెండు ఆదివారాలూ నీవే."

"అట్టనే సార్."

కాఫీ వచ్చింది. సగం తాగాక ఆయన మా అత్తని అడిగారు, "మరి ఆ మత్తు, గాలి, ఎగిరెగిరి పడడం?"

"గుర్రం ఎక్కినానయ్యా" అంది అత్త. ఫోన్ తీసి ఫొటో చూపించింది. నల్ల గుర్రం మీద ఎర్రచీర, తల మీద ఉన్ని టోపీ, రెండు చేతులూ గాల్లో.

ఆయన నవ్వకుండా ఉండడానికి చాలా ప్రయత్నించారు. కప్పు సాసర్లో గలగలలాడింది. "గుర్రానికి డొక్కలు కనపడతాండాయి. కడుపులో పురుగులుంటాయి, నట్టల మందు తాగించాల" అన్నారు. తర్వాత ఇంక ఆగలేకపోయారు.

వెళ్ళేటప్పుడు క్రేప్ బ్యాండేజీ తీసుకెళ్ళారు. చాక్లెట్లు ఇద్దామంటే తాళంచెవి దొరకలేదు.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి షేర్ ఆటో. ఉదయగిరి సెంటర్లో దొరుకుతుంది, పదిమంది ఎక్కేదాకా కదలదు. తొమ్మిదికి ఆసుపత్రిలో తెల్ల కాగితం తీసుకుని రాశాను: "ఊటీ చూడడానికి వెళ్ళాను." అంత చిన్న వాక్యం రాయడానికి రెండు కాగితాలు చించాను. టేబుల్ మీద పెట్టాను. మస్తానయ్య తుడుస్తున్నట్టు వచ్చి వంగి చదివాడు.

"నిన్న చేపల పులుసు కాడనే తెలిసింది నాకు" అన్నాడు. "చెప్తావేమో అని చూసినా. చెప్పకపోయుంటే మాత్రం నేను నీతో మాట్లాడేవాణ్ణి కాదు."

ఐసు పెట్టె చెరోపక్కా పట్టుకుని పల్లెకి నడిచాం. నా వార్త నాకంటే ముందే చేరింది. దొడ్డి దగ్గర గొర్రెల కాపరి పెంచలయ్య, ఆయన భార్య కాంతమ్మ నిలబడి ఉన్నారు.

"ఏం మేడం, ఊటీలో గొర్రెలుంటాయా?" అన్నాడాయన, మొహం మామూలుగా పెట్టి.

"ఉంటాయి. ఒళ్ళంతా ఉన్ని. చలికి వణకవు."

"అయితే మావి కూడా తోలుకోని పొయ్యి చూపించాల్సింది. మీ అత్తకి తోడుంటాయి."

కాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజంతా ప్రతి మంద దగ్గరా ఇదే. నేను గొర్రెని పట్టుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు, "జాగ్రత్త మేడం, మోకాలు!" అనేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి కాంతమ్మ రాగి సంగటి, గోంగూర పచ్చడి పెట్టింది. వేప చెట్టు నీడన కూర్చుని తిన్నాను. చేతులు ఎండకి మండుతున్నాయి, నడుము పట్టేసింది, బట్టలన్నీ గొర్రె వాసన. ఆరు రోజుల్లో మెత్తబడిన చేతికి సూది పట్టు మళ్ళీ పడేసరికి మూడయింది. సాయంత్రానికి ఆఖరి దొడ్డిలో ఒక మేకపిల్ల మిగిలింది. నల్లటిది, చెవుల మీద తెల్ల మచ్చలు. అది దొడ్డంతా నన్ను తిప్పింది. పట్టుకుని టీకా వేస్తే, ఊరంతా వినపడేలా నన్ను తిట్టింది.

ఐసు పెట్టె ఆసుపత్రిలో పెట్టి, ఐదున్నరకి తిరుగు ఆటో ఎక్కాను. ఇక్కడి నుంచి ఉదయగిరికి ముప్పావుగంట. వెళ్ళొచ్చాక ఏమనిపించిందని మీరడిగితే చెబుతాను. ఊటీ బాగుంది. తప్పకుండా వెళ్ళండి, మంచి చెప్పులు వేసుకుని వెళ్ళండి, మీ అత్తగారిని తీసుకుని వెళ్ళండి. ఆ ఊళ్ళో మేమెవరో ఎవరికీ తెలియదు. ఆ హాయి వేరు. ఏ మలుపులోనూ "ఏందమ్మా, ఇటొచ్చినావు?" అని అడిగేవాళ్ళు లేరు. ఆరు రోజులు ఆ తేలికతనం మీద నడిచాను.

ఆటో ఆ ఆఖరి దొడ్డి ఉన్న పల్లెలో ఆగింది. ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. కూతురింటికి తీసుకెళుతున్నానంటూ ఒళ్ళో ఒక మేకపిల్లని సర్దుకుంది. నల్లటిది, చెవుల మీద తెల్ల మచ్చలు. అది తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క క్షణం అలాగే చూసి, గుర్తుపట్టి, మొహం అటు తిప్పేసుకుంది.

ఉదయగిరి వచ్చేదాకా మళ్ళీ నా వైపు చూడలేదు.